అతిమధురం డబ్బీలు

ఈమధ్య ఎవరి ముఖం చూసినా నా కళ్ళు ముందు బుగ్గల మీదికే పోతున్నాయి. బస్సులో పక్కన కూర్చున్న ఆమె, పాల అంగడి దగ్గర నిలబడిన ఆమె, గుడిలో ముందు వరుసలోంచి తల తిప్పి నవ్వే ఆమె, ఎవరైనా సరే. ఎర్రగా ఉందా, సన్నటి నూగు ఉందా, చర్మం కింద దారాల్లాంటి నరాలు కనిపిస్తున్నాయా అని వెతుకుతాను. వద్దనుకున్నా వెతుకుతాను. పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నది, ఆ అలవాటు ఎక్కడ మొదలైందో నాకు నేనే చెప్పుకోవడానికి.

నేను అనంతపురం వైపు నుండి బళ్ళారికి కోడలిగా వచ్చాను. బీయస్సీ కెమిస్ట్రీ చదివి, ఇక్కడ ఒక స్కూల్లో సైన్స్ చెబుతున్నాను. మావారు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తారు. ఆయన కంపెనీ బస్సు ఎప్పుడు వస్తే మా ఇంట్లో అప్పుడు వంట. నేను స్కూలుకు పోయినప్పుడు పాపను చూసుకునేది అత్తగారు. పాప ఆమెను జేజి అని పిలుస్తుంది.

అనుమానం నాకు పాపతో పాటే పుట్టింది. అంతకు ముందు లేదు. పాల ప్యాకెట్ మీద తేదీ చదివి, పొయ్యి మీద పెట్టాక చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి మళ్ళీ చదివేదాన్ని. బొమ్మ కొంటే రంగు ఊడుతుందేమోనని తడిగుడ్డతో తుడిచి చూసేదాన్ని. "మా అమ్మ వేసే ఉప్పును కూడా మీ స్కూలు ల్యాబుకు ఎత్తకపోతావా?" అని మావారు నవ్వేవారు. అత్తగారు నవ్వేది కాదు. ఆమె వండినదాన్ని నేను వాసన చూస్తే ఆమె చెయ్యి గరిటె మీద ఆగిపోయేది.

ఆమె చేతి లేపనం గురించి చెప్పాలి. చర్చిని మేము గుడి అనే అంటాం, ఆ గుడిలో ఏడాదికోసారి కోత పండుగ చేస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పంటలోదో, తమ చేతి పనిలోదో ఒకటి తెచ్చి పీఠం ముందు పెడతారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఊరగాయలు, కేకులు. ఆరాధన అయ్యాక వాటిని గుడి ఆవరణలో వేలం వేస్తారు. వేలం పాడే పెద్దాయన తెలుగులో మొదలుపెట్టి, "ఒందు సారి, ఎరడు సారి" అని కన్నడలో ముగిస్తాడు. ఆ వేలంలో కోళ్ళ కంటే ఎక్కువ పోటీ మా అత్తగారి లేపనం డబ్బీలకే. అతిమధురం కొమ్ములు దంచి, మల్బరీ వేరు బెరడు నూరి, కలబంద గుజ్జుతో చేస్తుంది. ముఖం మీది మచ్చలు పోయి తెల్లబడుతుందని సంఘంలో ఆడవాళ్ళందరికీ నమ్మకం. దేవుని పీఠం ముందు పెట్టి, ప్రార్థన చేసి, వేలంలో ఇచ్చిన వస్తువు కాబట్టి అందులో ఏముందని ఎవరూ అడగరు. అడిగితే కానుకను అనుమానించినట్టు.

కాన్పు తర్వాత నాకు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. మట్టి రంగు మచ్చలు, ముక్కు మీదుగా సీతాకోకచిలుక ఆకారంలో. అత్తగారు ఒక డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ ఇంట్లో పెద్దవాళ్ళు నన్ను కూడా పాపా అనే పిలుస్తారు.

"రోంత రోంత పూసుకో పాపా. మొక్కలదే. ఏం గాదు."

నేను నమ్మి పూసుకోలేదు. చదువుకున్నదాన్ని కాబట్టి పూసుకున్నాను. ఆ తేడా ఇప్పుడు అర్థమవుతోంది. చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. వాటికి ఆ పని చేయడానికి ఒక ఎంజైము కావాలి. అతిమధురం వేరులో గ్లాబ్రిడిన్ అనే పదార్థం ఉంది. అది ఆ ఎంజైముకు అడ్డుపడుతుంది. మల్బరీ బెరడులోనూ అలాంటి పదార్థాలున్నాయి. కొన్ని మొక్కల ఆకుల్లో దొరికే ఆర్బ్యుటిన్ చేసేదీ అదే పని. పుస్తకాల్లో చదివినవే కాబట్టి అత్తగారి డబ్బీకి నా మనసులో నేనే ఒక సర్టిఫికెట్ ఇచ్చేశాను.

మచ్చలు పోయాయి. పోయిన తీరే నన్ను ఇబ్బంది పెట్టింది. చాలా తొందరగా పోయాయి.

మా వీధిలో కుళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు తొట్టి నింపుకుంటాం. కుళాయి కట్టేస్తే కొత్త నీళ్ళు రావు గాని తొట్టిలో ఉన్న నీళ్ళు ఎక్కడికి పోతాయి? వాడుకుంటూ పోతే మెల్లగా తగ్గాలి. మొక్కల పదార్థాలు చేసేది కుళాయి కట్టేయడమే. కొత్త రంగు తయారవడం తగ్గుతుంది, పాత రంగు మాత్రం చర్మం పొరలు పొరలుగా రాలుతుంటే నెలల మీద పోవాలి. నా ముఖం మీద తొట్టి ఎవరో బోర్లించినట్టు ఖాళీ అయింది. ఇంకొకటి కూడా ఉంది. గ్లాబ్రిడిన్ నీళ్ళలో సరిగా కరగదు. అత్తగారు అతిమధురం నానబెట్టేది నీళ్ళలోనే.

అయినా అద్దంలో ముఖం బాగుంది. స్కూల్లో తోటి టీచర్లు ఏం పూస్తున్నావని అడుగుతున్నారు. అనుమానాన్ని అక్కడే పెట్టి రోజులు గడిపాను.

కోత పండుగ దగ్గర పడుతున్నప్పుడు స్త్రీల సమాజం వాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఇప్పటి పిల్లలు డబ్బీ తిప్పి చూసి ఏముందని అడుగుతున్నారట. ఈసారి చీటీలు అంటిద్దామన్నారు. రాయడానికి నేనున్నాను కదా.

"నువ్వు సైన్సు టీచరు. కింద నీ పేరు కూడా రాయి, బీయస్సీ అని. అప్పుడు నోరు మూస్తారు" అంది ఒకామె.

"ఏమని రాయాలి?"

"ఏముండాది రాసేకి? మొక్కలతో మాత్రమే చేసింది అని రాయి. సాకు, అంత చాలు."

అత్తగారు కాఫీ గ్లాసులు అందిస్తూ నా వైపు చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. నా కోడలు నా లేపనానికి సంతకం పెడుతుందన్న గర్వం. సరే అన్నాను.

ఆ వారమే పాప ఎడమ బుగ్గ మీద మచ్చ చూశాను. స్నానం చేయించి తుడుస్తుంటే కనబడింది. పాపది నా రంగే, చామనచాయ కంటే ఒక పాలు ఎక్కువ. ఆ బుగ్గ మీద మాత్రం చర్మం వెలిసినట్టుంది. అంచులు స్పష్టంగా లేవు. వేలితో రాస్తే సన్నటి నూగు తగిలింది. కుడి బుగ్గ మామూలుగానే ఉంది.

నా తలలో మొదట వచ్చిన మాట బొల్లి. ఆ మాట మా వైపు ఆడపిల్ల ఉన్న ఇంట్లో పైకి అనరు. రెండోది అత్తగారు. పాప పుట్టిన రోజు ఆమె అన్నది నాకు గుర్తుంది. "కండ్లు మావాడివి. రంగు నీదే వచ్చినాది" అంది. తప్పుగా అనలేదు. కాని నేను మరచిపోలేదు. నేను స్కూలుకు పోయాక పాప ముఖానికి ఆ లేపనం రాస్తోందని నాకు ఖాయమైపోయింది.

ఆ రోజు నుండి నేను ఇంట్లో గూఢచారినయ్యాను. స్కూలు నుండి రాగానే పాపను ఎత్తుకుని మెడ దగ్గర వాసన చూసేదాన్ని. అత్తగారి మంచం కింది డబ్బీ ఎంత తగ్గిందో మూత తీసి చూసేదాన్ని. పాపను అడిగాను.

"జేజి నీకు ముఖానికి ఏమన్నా పూస్తుందా నాన్నా?"

"పూస్తాది."

పాపను దగ్గరికి లాక్కున్నాను. "ఏంది పూస్తుంది?"

"పౌడరు. నాక్కూడా, పిల్లికి కూడా."

అయినా అనుమానం పోలేదు. వంటింట్లో అత్తగారినే అడిగేశాను.

"అత్తా, పాపకు మీ లేపనం ఏమన్నా రాస్తాండారా?"

ఆమె చపాతీ తిప్పడం ఆపలేదు. "రాసింటే రాసినానని చెప్తా. నాకేం భయం?"

"ఊరికే అడిగినా."

"ఊరికే అడగవు నువ్వు. మూడు దినాల నుండి పాప మెడ నాకుతాండావు. పొద్దున నా డబ్బీ మూత తిప్పి తిరగేసి పెట్టినావు. నేనేమన్నా మన్ను తింటాండానా, గుర్తుపట్టకుండా ఉండేకి?"

ఆ తర్వాత ఆమె నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

స్కూలుకు సెలవు పెట్టి పాపను చర్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పాప బుగ్గను లైటు కింద చూశాడు. పాపకు ఏం పూస్తున్నారని అడిగాడు. ఏమీ లేదన్నాను. అప్పుడు లైటు నా ముఖం మీదికి తిప్పాడు.

"మీరేం పూసుకుంటున్నారమ్మా?"

"మొక్కల లేపనం సార్. అతిమధురంతో చేసింది."

"పాప ఎక్కడ పడుకుంటుంది?"

"నా పక్కనే."

"ఏ వైపు?"

నేను జవాబు చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. పాప నా కుడి పక్కన పడుకుంటుంది. తన ఎడమ బుగ్గను నా కుడి బుగ్గకు ఆనించి పడుకుంటే తప్ప నిద్రపోదు. అలా ఆనించుకోవడం కోసమే నేను తొందరగా ముఖం కడుక్కుని, లేపనం రాసుకుని, దీపం ఆర్పేదాన్ని.

"మొక్క ఇట్లా చేయదమ్మా" అన్నాడు డాక్టరు. "మీ బుగ్గ మీద కూడా నూగు చూడండి. ఎండలోకి పోతే మంట పుడుతోందా? పొయ్యి దగ్గర ఎర్రబడుతోందా? ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఆపేయండి. ఆపగానే ముఖం ఇంకా చెడిపోతుంది. ఎర్రగా మండుతుంది. భయపడి మళ్ళీ పూసుకోకండి. నేను రాసే మందులు వాడండి, మధ్యలో వచ్చి చూపించండి. పాపది మెల్లగా దానంతటదే సర్దుకుంటుంది."

ఆటోలో పాపను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఆనించుకోవాలంటే భయమేసింది. పాప అలవాటుగా నా ముఖం మీదికి ముఖం తెచ్చింది. నేను మెడ వెనక్కి లాక్కున్నాను. పాప నన్ను వింతగా చూసింది. ఈ రాతలో అన్నిటికంటే రాయడానికి కష్టమైన వాక్యం అదే.

స్టెరాయిడ్ ఉంది. మరి ఎవరు వేస్తున్నారు? డబ్బీల వేలం దగ్గర పడింది. పండుగ ఆదివారం గుడిలో ఎందరో తల్లులు వాటిని వేలంలో పాడుకుని తీసుకుపోతారు. వాళ్ళ పక్కలో పిల్లలు పడుకుంటారు. డబ్బీ మీద నా పేరుంటుంది.

ముందు అనుమానం అంగడి మీదికి పోయింది. బజారులో అత్తగారు కొనే మూలికల అంగడి ఒక తెలుగు శెట్టిది. వాళ్ళు తాతల కాలం నుండి ఇక్కడే వ్యాపారం. నేను పోయి అతిమధురం పొడి చూపించమన్నాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వేళ్ళ మధ్య నలిపాను, నాలుక మీద వేసుకున్నాను.

"ఏమ్మా, పొడిలో పాము ఉండాదా?" అన్నాడాయన.

"ఇందులో ఏమన్నా కలుస్తుందాప్పా? తెల్లబడేకి మందు మాదిరి?"

"మందు కలిపే యవ్వారం నాకెందుకమ్మా? మందు రేటు ఎంత, దీని రేటు ఎంత? ఎవడన్నా రాగుల్లో ముత్యాలు కల్తీ చేస్తాడా?" అని పక్కనున్న గుమాస్తాను చూసి నవ్వాడు. "మీ అత్త పొడి కొనదు. కొమ్ములే తీసకపోతాది. కొరికి చూసి తీసకపోతాది. నీకంటే అనుమానం ఆమెకు."

అది నిజం. అత్తగారు గుడి పాటల బృందంలో పాడుతుంది. పాడే ముందు గొంతు కోసం అతిమధురం కొమ్ము ముక్క దవడన పెట్టుకుంటుంది. కొమ్ము మంచిదో కాదో ఆమె నాలుకకు తెలుస్తుంది. మల్బరీ వేర్లు కురుగోడు దగ్గర పట్టుపురుగులు పెంచే బంధువు పాత మొక్కలు పెరికినప్పుడు పంపిస్తాడు. కలబంద మా పెరట్లోది. దంచేటప్పుడు, నూరేటప్పుడు నేను వంకలు పెట్టుకుని పక్కనే ఉన్నాను. ఆకుకూర బాగుచేశాను, పేపర్లు దిద్దాను, పాపకు జడ వేశాను. ఆమె చేతిలో దాచే కదలిక ఒక్కటి లేదు. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. ప్రతిదీ ఇంకా కొంచెం పైకెత్తి వేసింది.

అంతా నూరడం అయ్యాక బోగిణె గిన్నె మీద తెల్లగుడ్డ కట్టింది.

"ఇప్పుడు డబ్బీలకు నింపేదేనా?" అన్నాను.

"యాడ? చెల్లెలు చూసి కలిపి ఇయ్యొద్దా?"

ఆమె చెల్లెలిని నేను చిన్నత్త అంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై, పాత మిషన్ కాంపౌండులో ఒంటరిగా ఉంటుంది. ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళకు ఇచ్చేది ఏదైనా, ఊరగాయ అయినా కేకు అయినా, చిన్నత్త చేతి మీదుగా పోవాలి. ఆమె చెంచాలు మరిగిస్తుంది, డబ్బీలు మరిగిస్తుంది, చేతులు మోచేతుల దాకా కడుగుతుంది. శుభ్రం అనే మాటకు ఈ కుటుంబంలో ఆమే అర్థం.

"నేను తీసకపోతా అత్తా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పో. ఆమెను కూడా వాసన చూసి రా."

చిన్నత్త ఇల్లు డెట్టాల్ వాసన వేస్తోంది. కిటికీ దగ్గర బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద మరిగించిన డబ్బీలు బోర్లించి పెట్టి ఉన్నాయి. ఆమె కూనిరాగం తీస్తూ బోగిణె గుడ్డ విప్పింది. సొరుగు లాగి పిడికెడు ట్యూబులు తీసింది. మూతలు విప్పి, ఒక్కొక్కటీ కింది నుండి మడుస్తూ, చివరి చుక్క దాకా లేపనంలోకి పిండసాగింది. నా ముందే, కాఫీలో చక్కెర వేసినంత మామూలుగా.

ఖాళీ ట్యూబు ఒకటి తీసి చదివాను. లోపల ఉన్నది స్టెరాయిడే.

"చిన్నత్తా, ఇదేంది?"

"ఆయింట్‌మెంటు. దురద రాకుండా."

"ఎప్పటి నుండి వేస్తాండారు?"

"శానా ఏండ్లాయె. నీ పెండ్లికి ముందు. ఒకామె డబ్బీ పాడుకొని పోయి పూసుకుంటే ముఖమంతా దద్దురు లేచినాది. ఆదివారం గుడి మెట్ల మీద నిలబడి అందరి ముందర అడిగినాది, దేవుని పేరు మీద అమ్మేది ఇట్లాంటిదా అని. మీ అత్త కొన్ని వారాలు గుడికి రాలే. పాట కూడా పాడలే." ఆమె ఇంకొక ట్యూబు మడిచింది. "మొక్కలంటే నాకు నమ్మకం లే పాపా. దేంట్లో ఏముండాదో, ఎవరికి పడదో. ఆకు పసరు పూసుకొని, ఒళ్ళంతా పుండ్లై వచ్చినోళ్ళను ఎంతమందిని చూసినానో. అందుకే జాగ్రత్తకు ఇది. దీన్ని ఏసినాక ఒక్కరికి దద్దురు రాలే."

"అత్తకు తెలుసునా?"

"అక్కకు ఎందుకు? నూరేది ఆమె పని, సరి చేసేది నా పని. ఒకపారి కూడా అడగలే."

"చిన్నత్తా, ముఖం తెల్లగయ్యేది దీంతోనే. అతిమధురంతో కాదు. నా ముఖం చూడండి. పాప బుగ్గ కూడా..."

ఆమె చేతులు ఆగాయి. లేచి వచ్చి, నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పింది. నర్సు చూపుతో చూసింది. నేను ఆపేసి కొన్ని రోజులే అయింది. బుగ్గలు అప్పటికే నిప్పు సెగ తగిలినట్టున్నాయి. ఆమె ముఖంలో ఏదో కదిలింది. కాని మాట మాత్రం ఇది: "ఆపినావు గనక ఎర్రగయినాది. పూసుకుంటాంటే బాగుండె గదా."

నేను ఇన్ని రోజులూ దొంగ కోసం వెతికాను. అంగడివాడు, అత్త, లాభం, పక్షపాతం, అన్నీ అనుకున్నాను. నేను ట్యూబును అనుమానించినట్టే మొక్కను అనుమానించే మనిషి ఒకామె, నాకంటే ఎక్కువ జాగ్రత్తతో, చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఈ పని చేస్తుందని అనుకోలేదు.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పాను. ఆమె వింటూ బియ్యం ఏరింది.

"ఆసుపత్రిలో ఇన్నేండ్లు చేసినామె. మందు ఏస్తే మంచిదే గదా."

"రోజూ ముఖానికి పూసుకునే మందు కాదత్తా అది. చర్మం పల్చబడిపోతుంది. డాక్టరు చెప్పినాడు."

"నీ ముఖం చెడింది నువ్వు ఆపినందుకు. ఎవరిని అడిగినా అదే చెప్తారు."

"ఆపినందుకు ఇట్లయిందంటే అందులో ఏముండాదో మీరే ఆలోచించండి."

చేట పక్కన పెట్టింది. "అంటే ఇన్నేండ్లు నా చేతి గుణం కాదంటావు. సంఘం అంతా పొగిడింది ట్యూబునంటావు."

అవునని చెప్పలేక నేనే చేట అందుకున్నాను.

"చీటీలు నేను రాయనత్తా" అన్నాను.

"రాయొద్దు. పాటల బృందంలో పిల్లలు ఉండారు, వాళ్ళు రాస్తారు."

మావారు షిఫ్టు నుండి వచ్చి, ఇద్దరి మధ్య కూర్చుని అన్నం తిన్నారు. "మీ ఇద్దరి ముఖాలు చూస్తే మా ఫర్నేసే చల్లగుండాది" అన్నారు. తర్వాత నాతో మెల్లగా, "ఈ ఒక్క ఆదివారం పోనీ. తర్వాత నేను చెప్తా అమ్మకు" అన్నారు. పాప బుగ్గ చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఇక ఆ మాట ఎత్తలేదు.

చిన్నత్త నింపి పంపిన డబ్బీలు హాల్లో బల్ల మీద వరుసగా నిలబడ్డాయి. చీటీలు లేవు. నా ముఖం రోజురోజుకూ ఎర్రబడింది. స్కూల్లో పిల్లలు అడిగితే ఎండ అన్నాను. గుడివాళ్ళు కనిపిస్తే, "అత్త లేపనం ఊరికే సుమ్నె ఆపేసినావంట, చూడు ఎట్లయితివో" అన్నారు. మాట బయటికి పోయిందన్నమాట. ఎవరి నోటి నుండి అని మళ్ళీ అనుమానం. పాపను పక్క మంచం మీద జేజి దగ్గర పడుకోబెట్టబోయి, ఆమె బుగ్గకూ అదే లేపనం కదా అని గుర్తొచ్చి మళ్ళీ నా పక్కనే వేసుకున్నాను, మధ్యలో దిండు పెట్టి. పాప ఆ దిండును తన్నుతూ పడుకునేది.

ఆ వారం అత్తగారు కొంగు తల మీద నుండి దించడం మానేసింది. ఇంట్లోనూ కప్పుకునే ఉంది. పొయ్యి దగ్గర నిలబడకుండా నన్ను పిలిచి పోపు వేయమనేది. కోపమనుకున్నాను. నన్ను చూడటం ఇష్టం లేక ముఖం తిప్పుకుంటోందనుకున్నాను. డబ్బీలకు తానే చీటీలు రాయిస్తోందేమో, నాకు కనబడకుండా ఏదో చేస్తోందని కూడా అనుకున్నాను.

శనివారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి నా వెనుక నిలబడింది.

"పాపా."

తిరిగాను.

"మంట ఎన్ని దినాలు ఉంటాది?"

కొంగు తొలగించింది. ఆమె ముఖం నా ముఖం కంటే ఎర్రగా ఉంది. బుగ్గల మీద చర్మం మెరుస్తూ, కాగితంలా పల్చగా ఉంది. సన్నటి నరాలు తేలి కనిపిస్తున్నాయి. కండ్ల కింద పొట్టు లేస్తోంది. నాకు చెప్పకుండా, నేను చెప్పిన రోజు నుండే ఆమె మానేసింది. నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి తన ముఖాన్నే వాడింది.

"కొన్ని నెలలంట అత్తా" అన్నాను.

"నెలలా." ఆమె తీగ మీది పాప గౌను సర్దింది. "నా చేతి గుణమే అయింటే, ఆపితే ఆగేది. ఇట్ల కరవదు."

ఇద్దరం కలిసి మిగిలిన బట్టలు ఆరేశాం. నేను డాక్టరు రాసిచ్చిన ముఖం కడుక్కునే ద్రావణం ఆమెకు చూపించాను. ఆమె మూత తీసి వాసన చూసింది. నేను చూస్తున్నానని గమనించి, "నీ దగ్గర నేర్చుకున్నా" అంది. సోమవారం ఆమెను కూడా ఆ డాక్టరు దగ్గరికే తీసుకుపోతానని చెప్పాను. వద్దనలేదు.

ఆ మధ్యాహ్నం డబ్బీలన్నీ సంచిలో వేసి మూతి ముడి కట్టింది. ఇంట్లో మిగిలిన అతిమధురం కొమ్ములను కడిగి, ఆరబెట్టి, ఎర్రదారంతో చిన్న చిన్న కట్టలు కట్టింది. నేను దారం తుంచి ఇచ్చాను.

ఆదివారం ఆ కట్టలే పీఠం ముందు పెట్టింది. వేలంలో పెద్దాయన ఒక కట్ట ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేందమ్మా, ఈసారి పొయ్యి కట్టెలు తెచ్చినారు?"

అందరూ నవ్వారు. వెనుక నుండి ఎవరో, "లేపనం యాడ? లేపనం తీయండప్పా" అన్నారు.

అత్తగారు లేచి నిలబడింది. కొంగు దించింది. నవ్వులు ఆగిపోయాయి.

"లేపనం లే. ఇంక ఉండదు. అందులో నేను నూరినవే గాక ట్యూబు మందు కూడా కలిసింది. నేను అడగలే, చూడలే. మీ ఇండ్లల్లో డబ్బీ ఉంటే పూసుకోవద్దండి. ఆపితే ఇట్లనే అవుతాది, భయపడి మళ్ళా పూసుకోవద్దండి, డాక్టరు దగ్గరికి పోండి. పిల్లలను పక్కలో ఏసుకునేవాళ్ళు ముందు పోండి. ఈ కొమ్ములు గొంతుకు. ముఖానికి కాదు."

చెల్లెలి పేరు ఎత్తలేదు. చిన్నత్త చివరి బెంచీ మీద, చేతులు ఒడిలో పెట్టుకుని, తల వంచుకుని ఉంది. ఆ చేతులు ఎంత శుభ్రంగా ఉంటాయో నాకు తెలుసు.

అందరూ నమ్మలేదు. ఆ రోజే ఇద్దరు ముగ్గురు నా వైపు చూస్తూ, "కోడలు చదువుకున్నది కదా" అని గొణుక్కోవడం విన్నాను. ఇంకొకామె మా గేటు దాకా వచ్చి, చుట్టూ చూసి, "పారేసేదాంట్లో ఒక డబ్బీ ఉంటే నాకియ్యమ్మా, కూతురి పెండ్లి దాకా చాలు" అంది. లేదన్నాను. ఆమె నమ్మలేదు. నేను దాచుకుని వాడుతున్నానని ఆమె అనుమానం. నా ఎర్రటి ముఖం చూస్తూ కూడా.

కట్టలను పాటల బృందంవాళ్ళు వేలంలో పాడుకున్నారు. తర్వాతి వారం పాటల్లో అందరి దవడలూ ఒక వైపు ఉబ్బి ఉన్నాయి.

ఇదంతా జరిగి కొంతకాలమే అయింది. నా ముఖం ఇంకా పూర్తిగా చల్లారలేదు. మంగు మళ్ళీ వచ్చింది, సీతాకోకచిలుక తన చోటు వెతుక్కుని వాలింది. డాక్టరు రాసిచ్చిన దానిలో అతిమధురం సారమూ ఉంది. మెల్లగా పని చేస్తుందని, ఎండకు గొడుగు పట్టుకుంటేనే చేస్తుందని చెప్పాడు. మెల్లగా అన్న మాట వినగానే నాకు నమ్మకం కలిగింది. అయినా ట్యూబు వెనుక అక్షరాలన్నీ చదివాకే మూత విప్పాను.

అత్తగారి తువాలు ఆరేసేటప్పుడు ఇప్పటికీ ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆమె మంట తట్టుకోలేక, దాచిన డబ్బీ ఏదైనా తీసిందేమోనని. నిన్న ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

"వాసన చూసింది సాలు గాని, ఈడికి రా. వెలుతురులో పాప బుగ్గ చూడు. వస్తాండాది."

పాపను కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పైకెత్తి పట్టుకుంది. నేను వంగి చూశాను. వెలిసిన మచ్చ అంచుల్లో నా రంగు, చామనచాయ కంటే ఒక పాలు ఎక్కువ, మెల్లగా లోపలికి జరుగుతోంది.

"మొన్నటి కంటే నల్లగుండాదా లేదా, చెప్పు" అంది అత్తగారు.

"ఉంది అత్తా."

"నాకూ అట్లే అనిపిస్తాండాది. అయినా నాకు కండ్లు సరిగా కనపడవు. నువ్వు ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూశాను.